వసంతకాలపు మంచుకొండ: వేళకు మరలుట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఎండలు ముదిరి చెరువు లడుగంటు సీమలో మంచుకొండలను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. సందేహము న్యాయమైనదే. ఐనను చైత్ర వైశాఖములు వచ్చుసరికి తెలుగు పల్లెలనుండి కేదార బదరీ యాత్రకు బయలుదేరువారు పలువురు కలరు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పూర్వు లనుకొనెడివారు. ఇప్పుడు రైళ్ళు, మోటారు బస్సులు, హెలికాప్టరులు వచ్చి త్రోవను కుదించినవి. త్రోవ కుదిరినంత మాత్రమున కొండ స్వభావము మారలేదు. మన ఇండ్లలోని పెద్దలును పిల్లలును కాలు మోపు ఆ మంచు ఎట్టిదో, అది ఎప్పుడు కదలునో, కదలక మునుపు ఏ సూచనలు చూపునో తెలిసికొనుట గ్రామస్థులకును అవసరమైన విద్యయే.

ఈ విషయమున తెలుగువారికి బాగుగా పరిచయమైన కథ యొకటి మనుచరిత్రము నందు కలదు. అరుణాస్పదపురమున ప్రవరుడను నిష్ఠాపరుడగు గృహస్థుడు కలడు. అతిథిగా వచ్చిన సిద్ధు డొకడు అతని పాదములకు ఒక పసరు పూసెను. ఆ పసరు మహిమచేత ప్రవరుడు క్షణములో హిమవంతమునకు పోయి, అచ్చటి వింత లన్నియు తిరిగి తిరిగి చూచెను. మధ్యాహ్న మయ్యెను. తక్కిన వింతలు రేపు చూతమని ఇంటికి మరలబోగా పాదము కదలలేదు. మంచుతాకిడికి కాలి పసరు కరగి పోయియుండెను. తరువాతి కథ అందరికిని తెలిసినదే. చదువరులు వరూధినిని జ్ఞాపక ముంచుకొందురు, పసరును మరతురు. కాని యాత్రికునికి పనికివచ్చు పాఠము ఆ పసరులోనే యున్నది. ప్రవరుని భక్తిలో లోపము లేదు. ఆచారములో లోపము లేదు. పొద్దెక్కుకొలది కాలిక్రింది మంచు పనిచేయుచునే యుండునను సంగతి అతని లెక్కలోనికి రాలేదు. వేళకు మరలు నేర్పు లేనివానికి మంచుకొండపై తక్కిన గుణము లెన్ని యున్నను చాలవు. ఈ ప్రసంగమునకు ఇదియే సారాంశము. దీనికి కారణము లేమో ఇక విచారింతము.

కొండవాలుపై పేరుకొన్న మంచు ఒక్కసారిగా జారి క్రిందికి దొరలుటను పత్రికలవారు మంచుచరియలు విరిగిపడుట యని వ్రాయుదురు. హిందీవారు హిమస్ఖలన మందురు. హిమపాత మనినచో మంచు కురియుట యను అర్థమును వచ్చును గావున ఇచ్చట మంచుచరియ యను మాటయే వాడబడును.

కురిసిన మంచు కొండపై ఒకే ముద్దగా నుండునని దూరమునుండి చూచువా రనుకొందురు. అది నిజము కాదు. అది చిట్టాపుస్తకము వంటిది. కురిసిన ప్రతి మంచును, వీచిన ప్రతి గాలియు, కాసిన ప్రతి ఎండయు అందులో ఒక్కొక్క పద్దుగా చేరును. శీతకాలారంభమున పలుచగా కురిసిన మంచు, క్రింద వెచ్చని నేలకును పైన గడ్డకట్టు చలికిని నడుమ చిక్కి, పంచదార రవ్వల వంటి గింజలుగా మారును. ఆ గింజ లొకదాని నొకటి పట్టుకొనవు. దానిపై గాలి తెచ్చి పోసిన మంచు పలకవలె బిగియును. అనగా రవ్వపై పలక పరచినట్లగును. పైనుండి చూచువానికి అంతయు తెల్లగా, నునుపుగా, నిశ్చలముగా కనబడును. అడుగున వ్రాయబడిన బలహీనపు పద్దు మాత్రము కొట్టివేయబడదు. నెలలు గడిచిన పిమ్మట వసంతకాలపు జమాబందినాడు అది బయటపడును.

ఈ మంచు బరువును కూడ గణించి చూడదగును. నిలువు, అడ్డము, ఎత్తు ఒక్కొక్క మీటరు గల క్రొత్త పొడిమంచు ఒక క్వింటాలుకు మించదు. అంతే కొలత గల పాత తడిమంచు నాలుగైదు క్వింటాళ్ళు తూగును. ఏబది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు, ఒక మీటరు మందము గల చిన్న తడిమంచు పలక కదలినచో నాలుగువందల టన్నులు కదలినట్లే. పది టన్నులెత్తు లారీలు నలుబది ఒకేమారు మీదికి వచ్చుటతో అది సమానము. పొడిమంచు చరియ గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో రాగలదు. తడిమంచు దానికంటె మెల్లగా వచ్చును గాని, దారిలోని రాళ్ళను చెట్లను పెకలించుకొని వచ్చును. ఆగిన వెంటనే గచ్చువలె గట్టిపడును. కాలు పూడినవాడు తన కాలిని తానే వెలికి తీసికొనలేడు.

వసంతకాలమున ఈ మంచు పోకడ ఎట్లు మారునో తెలిసికొనుటకు ఏటి ఇసుక చాలును. పొడి ఇసుకతో పిల్లలు గూడు కట్టలేరు. కొంచెము తడిపినచో గూడు నిలుచును. మరికొంత నీరు పోసినచో ఆ గూడే కూలి ప్రవహించును. మంచు గింజల నడుమ గల తడియు నట్టిదే. కొంచెముగా నున్నంతవరకు గింజలను కలిపి పట్టును. మించినచో ఆ పట్టును విప్పివేయును. ఎండవలన గాని వానవలన గాని పైనుండి దిగిన నీరు లోపలి గట్టిపొరను చేరి అచ్చట నిలిచినచో, ఆ పొరపై నున్న మంచంతయు నూనె రాచిన పలకపై పెట్టిన బరువువలె నుండును. ఒక్కొక్కచో నీరు నేలవరకు దిగి, పచ్చికపైనను నున్నని బండపైనను మంచు మొత్తము మెల్లగా జరుగును. అప్పుడు నేల కనబడునట్లు అడ్డముగా పెద్ద చీలికలు పడును. అట్టి చీలికల క్రింద నిలుచుట, అది ఎప్పుడు తెగునో ఎవరును చెప్పజాలరు గావున, ఏ వేళయందును తగదు.

ఇట్టి స్థితిలో కొండకు రక్ష రాత్రి చలి. పగలు కరగిన నీరు రాత్రి మరల గడ్డకట్టినచో మంచు గట్టిపడి, తెల్లవారుజామున రాతిచప్టావలె మనుష్యుని మోయును. ఇచ్చట మన రైతులకు తెలిసిన సంగతి యొకటి పనికివచ్చును. మార్గశిర పుష్యములలో ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి చలి ఎక్కువ. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువ. భూమి వేడి ఆకాశమునకు పోకుండ మబ్బు కంబళివలె కప్పుటయే దీనికి కారణము. కొండపైనను అంతే. నక్షత్రములు మెరసిన రాత్రి గడచినచో ఉదయము మంచు గట్టిగా నుండుట కవకాశము కలదు. మబ్బుపట్టిన రాత్రి గాని, వాన పడిన రాత్రి గాని గడచినచో మంచు గడ్డకట్టదు; తెల్లవారుజాముననే ప్రమాదము సిద్ధముగా నుండును. కావున జాగ్రత్తగల ప్రయాణికుడు ఉదయమున లేచి, గడియారమును చూచుటకు మునుపే రాత్రి ఆకాశ మెట్లుండెనని విచారించును.

సూర్యుడు ఉదయించిన పిమ్మట వాలులు ఒకదాని తరువాత నొకటి మెత్తబడును. తూర్పుముఖముగా నున్నవి ముందు, దక్షిణముఖముగా నున్నవి తరువాత, పడమటివి అపరాహ్ణమున. ఉత్తరపు వాలులకు ఎండ తక్కువ గనుక అచ్చట శీతకాలపు పాతలోపములు చాలకాలము దాగియుండును. తూర్పు వాలుపై నున్నవానికి మధ్యాహ్నము వరకు గడు వున్నదనుకొనుట పొరపాటు; వానికి ఉదయము తొమ్మిది గంటలే మధ్యాహ్నము కావచ్చును. అందుచేతనే కొండలెరిగినవారు చీకటి యుండగనే బయలుదేరి, మంచు గట్టిగా నుండగనే వాలులు దాటి, ఎండ తీక్షణము కాకమునుపే సురక్షిత స్థలమును చేరుదురు.

వాలు ఎంత నిటారుగా నున్నదో చూచుట రెండవ విద్య. మంచుచరియలలో ఎక్కువ భాగము ముప్పది డిగ్రీలకును నలుబదియైదు డిగ్రీలకును నడుమ గల వాలులపై పుట్టును. అంతకంటె నిటారైన చోట మంచు ఎక్కువగా నిలువక చిన్నచిన్నగా రాలిపోవును. అంతకంటె చదునైన చోట పలక తెగి జారుట అరుదు. దీనిని కొలుచుటకు పెద్ద యంత్ర మక్కరలేదు. నేలకు సమముగా ఏడు మూరలు పోవులోపల నాలుగు మూరలు ఎత్తు లేచినచో అది ముప్పది డిగ్రీలు. ఏడు మూరలకు ఏడు మూరలు లేచినచో నలుబదియైదు. కాని నిలుచున్న నేల చదునుగా నున్నదని సంతసింపరాదు. పై వాలులో తెగిన మంచు క్రింది చదునుపై చాలదూరము పరుగెత్తును. లోయలు, వాగుల పడెలు, కొండ గండ్లు దానికి కాలువల వంటివి. పల్లపు మడిలో నిలిచినవాడు, వాన తన మడిలో కురియలేదు గావున వరద రాదనుకొనునా?

కొండ తన సంగతిని కొంతవరకు ముందుగనే చెప్పును. చెవియు కన్నును తెరచి యుంచవలెను. ఎండ సోకిన వాలునుండి చిన్నచిన్న మంచు ఉండలు వాటంతట అవియే దొరలుచున్నచో మంచు విడిపోవుచున్నదని గుర్తు. ఉదయమున పైపైన నడచిన పాదము చీలమండ వరకు దిగబడిన క్షణమున మరలుటను గూర్చి ఆలోచింపవలెను. మోకాలివరకు దిగబడినచో ఆలోచనకు వేళ మించినది, వెంటనే ఆ వాలును విడువవలెను. అడుగు వేసినపుడు లోపలినుండి బోలు శబ్దము వచ్చుట, పాదమునుండి పగులు ముందుకు పరుగెత్తుట, ఎదుటి కొండపై క్రొత్తగా చరియలు పడియుండుట, ఒకటి రెండు దినములలో మంచు విస్తారముగా కురిసియుండుట, హఠాత్తుగా ఉక్క పెరుగుట — ఇవి యన్నియు ప్రమాద సూచనలే. కొండ అంచున గాలి చూరువలె పేర్చిన మంచు గలదు. దాని క్రిందను నిలువరాదు, దాని మీదను అడుగిడరాదు.

సూచనలను ఎరిగియు, గీత దాటుట యెట్టిదో సిక్కిము రాష్ట్రమున కనబడినది. గంగటోకునుండి నాథులా కనుమకు పోవు బాట మీద 2023 ఏప్రిల్ 4వ తేదీ మధ్యాహ్న సమయమున మంచుచరియ పడి ఏడుగురు పర్యాటకులు మరణించిరి. సందర్శకులకు పదుమూడవ మైలు వరకే అనుమతి యుండెననియు, పదునైదవ మైలు వద్ద ఈ విపత్తు జరిగెననియు అధికారులు చెప్పిరి. మృతులను నిందించుట ధర్మము కాదు. వేసవిలో వెళ్ళి మంచు చూడవలెనని కోరుకొననివా రెవరు? బండి యున్నది, బాట యున్నది, ముందు మరి కొందరు పోవుచున్నారు. ఇంకొక రెండు మైళ్ళేగదా యనిపించును. ఆ రెండు మైళ్ళలో గల తేడా కంటికి కనబడదు. గీత గీచినవారి లెక్కలో మాత్రము అది కలదు.

దీనికి భిన్నమైన దృష్టాంతము కేదారనాథ మార్గమున గలదు. 2023 మే మొదటి వారమున ఆ కాలిబాటపై భైరవ, కుబేర హిమానీనదముల వద్ద మంచు విరిగి త్రోవను మూసివేసెను. అధికారులు యాత్రను నిలిపివేసి, త్రోవ బాగుపడిన పిమ్మట విడిచిరి. దూరమునుండి వచ్చి క్రింద నిలిచిపోయినవారికి విసుగు పుట్టుట సహజమే. ఐనను యాత్రలో నిలిచిన దినము పోయిన దినము కాదు.

ఉదయమున బయలుదేరి మధ్యాహ్నమునకు మరలినవానికి సర్వము క్షేమమే యని చెప్పినచో ఈ ప్రసంగము అసత్య మగును. 2014 ఏప్రిల్ 18వ తేదీని ఎవరెస్టు శిఖరపు నేపాళ భాగమున, ఖుంబు మంచుజలపాతమను చోట, ఉదయము ఏడు గంటల ప్రాంతమున పైనుండి వ్రేలాడు మంచుగడ్డ విరిగిపడి పదునారుగురు నేపాళ దేశపు పనివారు మరణించిరి. మరుసటి ఏట, 2015 ఏప్రిల్ 25వ తేదీని, భూకంపము నేపాళమును కుదిపినపుడు ఎవరెస్టు మూలశిబిరముపైకి మంచు దూకి పలువురిని చంపెను. లాంగ్‌టాంగ్ అను గ్రామము మంచురాళ్ళ క్రింద సమాధి యయ్యెను. వ్రేలాడు మంచుగడ్డకు సూర్యుని వేళ లేదు. భూకంపమునకు వేళయే లేదు. వేళ నెరుగుట ప్రమాదమును తగ్గించును గాని తుడిచివేయదు.

ఇంకొక సంగతియు గమనింపవలెను. బదరీనాథమునకు సమీపమున మాణా యను గ్రామము కలదు. 2025 ఫిబ్రవరి 28వ తేదీని అచ్చట సరిహద్దు బాటల పనిలో నున్న కూలివారి బసపై మంచుచరియ పడెను. ఏబదినలుగురు చిక్కుకొనిరి. సైనికులును తక్కిన రక్షకులును మంచును త్రవ్వి నలుబదియార్గురిని బ్రతికించిరి, ఎనమండుగురు మరణించిరి. ముందునాటి సాయంకాలమే ఆ జిల్లాకు మంచుచరియల హెచ్చరిక వెలువడి యుండెను. యాత్రికుడు కోరి కొండ నెక్కును, కోరినచో మరలును. కూలివాడు బాట వేయుటకై పోయినవాడు. బస ఎచ్చట వేయుదురో నిర్ణయించు అధికారము వానిది కాదు. యాత్రికులు నడచు బాట యట్టివారి చేతులతో నిర్మింపబడినదని జ్ఞాపక ముంచుకొనుట కృతజ్ఞత. హెచ్చరిక వ్రాయుటతో పని ముగియదు. అది వినవలసిన వానికి వేళకు చేరవలెను, చేరినపిమ్మట కదలుటకు వానికి వీలుండవలెను.

ఆ హెచ్చరికలు వ్రాయు సంస్థను గూర్చి రెండు మాటలు. మంచును, మంచుచరియలను పరిశోధించుటకై కేంద్ర రక్షణశాఖవారు 1969లో మనాలి యందు ఒక సంస్థను నెలకొల్పిరి. 2020లో అది మరియొక పరిశోధనాలయముతో కలిసి, చండీగఢ్ కేంద్రముగా నడచుచున్నది. కాశ్మీర, హిమాచల, ఉత్తరాఖండ ప్రాంతములకు వారు హెచ్చరికలు ప్రకటింతురు. ఐరోపా ఖండమున 1993నుండి ప్రమాదమును అయిదు మెట్లుగా విభజించి ప్రకటించు పద్ధతి నడచుచున్నది. అందు వింతయైన విషయ మొకటి కలదు. ఎక్కువ మరణములు నాలుగవ మెట్టునను అయిదవ మెట్టునను గాక నడిమిదగు మూడవ మెట్టున జరుగును. అయిదవ మెట్టునాడు జనులు ఇల్లు కదలరు. మూడవ మెట్టునాడు ఆకాశము నీలముగా నుండును, మంచు మెరయును, పోవచ్చునని తోచును. గట్టి భయము మనుష్యుని కాపాడును. సగము భయము మోసగించును.

మంచువాలును దాటక తప్పనివారు కొన్ని నియమములు పాటింతురు. అందరును గుంపుగా దాటరు. ఒక్కొక్కరు దాటుదురు, తక్కినవారు సురక్షితమైన చోట నిలిచి దాటువానిని కన్నార్పక చూచుచుందురు. గండి క్రిందను, వాగు పడెలోను విశ్రాంతికై కూర్చుండరు. ఛాయాచిత్రములు తీసికొనుటకును ఆగరు. పర్వతారోహణ చేయువారు మరి మూడు వస్తువులను వెంట నుంచుకొందురు. మొదటిది ఒకరి జాడ నొకరికి తెలుపు చిన్న రేడియో యంత్రము. రెండవది మంచులోనికి పొడిచి వెదకుటకు మడత కడ్డీ. మూడవది పార. ఈ మూటిలో ఏ యొకటి లేకున్నను తక్కిన రెండును దాదాపు నిరుపయోగములే. అవి యున్నను వాడుట ముందుగా అభ్యసింపనివానికి అక్కర సమయమున చేతులాడవు.

అంత తొందర ఏలయని అడుగవచ్చును. స్విట్జర్లాండు దేశమున మంచులో పూర్తిగా పూడుకొనిపోయినవారి లెక్కలు చాలకాలముగా వ్రాసియుంచినారు. పది నిమిషములలోపల వెలికి తీయబడిన పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బ్రతికిరి. అరగంట యగుసరికి ఆ సంఖ్య మూడింటికి దిగినది. చలికంటె ముందు ఊపిరాడకపోవుటయే ప్రాణము తీయును. మంచులో పూడినవానికి పైవారి మాటలు వినబడవచ్చును గాని వాని కేక పైకి వినబడుట అరుదు. కావున పట్టణమునుండి సాయము వచ్చువరకు ఆగరాదు. కబురు పంపుచునే, ప్రక్కనున్నవారే తక్షణము వెదకవలెను. మిత్రుడు చివరగా కనబడిన చోటును గుర్తుంచుకొని, అచ్చటినుండి క్రిందికి వెదకవలెను. చోటు దొరకిన పిమ్మట నేరుగా పైనుండి గాక దిగువ వైపునుండి త్రవ్వవలెను. ముందు ముఖమును విడిపించి ఊపిరికి దారి చేయవలెను. చిక్కుకొనినవాడు సైతము ప్రవాహపు అంచునకు చేరుటకు పెనగులాడుచు, మంచు ఆగబోవునపుడు చేతులను ముఖమునకు అడ్డముగా నుంచి ఊపిరికి కొంచెము తావు చేసికొనవలెను.

మాణా గ్రామ ప్రస్తావన వచ్చినది. పాండవులు ఆ త్రోవనే స్వర్గారోహణమునకు పోయిరని అచ్చటివారి విశ్వాసము. భారతమున ఆ ఘట్టము గంభీరమైనది. ద్రౌపది పడును, సహదేవుడు పడును, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడుదురు. ధర్మరాజు వెనుకకు చూడక నడచిపోవును. అది దేహమును విడుచుటకు బయలుదేరినవారి ధర్మము. ఇల్లు చేరుటకు బయలుదేరిన యాత్రికుని ధర్మము దీనికి నేరుగా విరుద్ధము. మంచువాలుపై వెనుకకు చూడనివాడు తోడివానికి ద్రోహము చేయును. అందరికంటె మెల్లగా నడచువాని నడకయే ఆ గుంపు నడక. వృద్ధురాలు ఆగినచో గుంపు ఆగవలెను. ఒక్కడు మరలుదమన్నచో ఆ మాటను పిరికితనమని నవ్వరాదు.

నిజము చెప్పవలెనన్నచో, మంచు గుణము తెలియకపోవుటచేతనే కాక తెలిసియు మరలలేకపోవుటచేతను మనుష్యులు నశించుచున్నారు. వినోదముగా కొండలెక్కువారిలో మరణించినవారిని గూర్చి నిపుణులు చేసిన పరిశీలనయందు, పదింట తొమ్మిది పర్యాయములు ఆ మంచును కదల్చినది వారి గుంపులోని వారి అడుగే యని తేలినది. ఇంత దూరము వచ్చి మరలుటయా యను పట్టుదల, ముందు వారు పోయిరిగదా యను ధైర్యము, నాయకునకు తెలియును లెమ్మను నిశ్చింత, నిరుడు వచ్చితిమి ఏమియు కాలేదను గర్వము — ఇవి నాలుగును మంచుకంటె జారుడైనవి.

సాహసము వలదని దీని భావము కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లు నిండకమునుపే, 2014 మే 25వ తేదీని, ఖమ్మము ప్రాంతపు ఆనందకుమారునితో కూడి టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నెక్కెను. అది ఖుంబు విపత్తు జరిగిన వసంతమే. ఆ పిల్లల వెనుక భువనగిరి కొండపై మొదలిడిన అభ్యాసమును, డార్జిలింగు లడఖ్ ప్రాంతములలో పొందిన శిక్షణయు గలవు. పేదయింట పుట్టిన పిల్లలకు కొండ అందరాని వస్తువు కాదని వారు చూపిరి. నేర్చుకొనక ఎక్కదగినది కాదనియు వారి శిక్షణయే చూపుచున్నది.

యాత్రకు పోవు గ్రామస్థు లందరును పర్వతారోహకులు కానక్కరలేదు. వారు చేయవలసినవి కొన్నియే. బయలుదేరుటకు ముందునాడు హెచ్చరిక గలదా యని విచారింపవలెను. అనుమతి గల గీతను దాటరాదు. దాటింపుమని బండివానిని గాని గుర్రపువానిని గాని డబ్బాశ చూపి తొందర పెట్టరాదు. ఆ కొండవాడు వలదన్న మాటను పుస్తకము మాటకంటె ఎక్కువగా మన్నింపవలెను. మంచు చోటులను ఉదయముననే దాటవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి ఇల్లు కదలకమునుపే చేయవలసినది. చాలమంది యాత్రికులను ఆపదలోనికి త్రోయునది తిరుగు రైలు టిక్కెట్టు. ఎల్లుండి బండి యున్నది, నేడు దర్శనము కాకున్న మరి లేదు అను తొందర పుట్టిన పిమ్మట మబ్బును మంచును చూచు కన్ను మూసికొనిపోవును. యాత్రకు పోవువారు ఇంటివద్ద కూర్చుండి ఖర్చుల పట్టిక వ్రాసికొందురు. చార్జీలు ఇంత, బస ఇంత, భోజనము ఇంత, పూజ ఇంత. ఆ పట్టికలో మరియొక పద్దు చేర్చవలెను: మరలుటకును ఆగుటకును ఒక దినము, దానికి తగిన పైకము. ఆ పైకము ఖర్చు కాక ఇల్లు చేరినచో లాభమే. ఖర్చయినచో అంతకంటె మంచి ఖర్చు ఆ పట్టికలో మరియొకటి యుండదు. దర్శనము కాకుండ మరలినవానికి పుణ్యము తరుగునని ఏ శాస్త్రమును చెప్పలేదు. రేపు చూతమనుకొన్న ప్రవరుని సంకల్పము మంచిదే. మరలుటకు కావలసిన పసరును మాత్రము అతడు మిగుల్చుకొనలేదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చేసిన సేవలో కథలును, పురాణములును, పత్రికలును గలవు. ఎన్నడును చూడని కొండను గూర్చి ఇచ్చట చదివిన నాలుగు వాక్యములు, ఎప్పుడో ఒకనాటి ఉదయమున, ఎచ్చటనో ఒక వాలు దగ్గర, ఒక గ్రామస్థుని పాదమును నిలిపినచో గ్రంథాలయపు ఖాతాలో అదియు జమయే. యాత్రకు పోవువారు పోవుటకు మునుపు ఇచ్చటికి వచ్చి భూగోళపు పటమును, నాటి పత్రికను చూచిపోవు అలవాటు ఈ రజతోత్సవ వత్సరముననే మొదలిడుగాక.